పది చుట్లకు ఒక చుట్టు తక్కువ

పొద్దున్నే షెడ్డు తలుపు తీసేసరికి ట్రాక్టరు టైర్ల మీద సుద్దగీతలు కనిపించాయి సున్‌రేకి. ఎడమవైపు వెనక చక్రం మీద ఒకటి, ముందు చక్రం మీద ఒకటి, వేలెడు పొడవున తెల్లగా, నిటారుగా ఉన్నాయి. నిన్న సాయంత్రం తనే గొట్టంతో కడిగి, బురద చుక్క లేకుండా తుడిచి పెట్టిన టైర్లవి. గీతలు వాటంతటవి మొలవవు కదా.

ఆమె వాటిని చెరపలేదు. చెరిపితే చూసినట్టు తెలిసిపోతుంది. ముల్‌గోల్ ఊళ్ళో చెవి వెనక సుద్దముక్క పెట్టుకుని తిరిగే మనిషి ఒక్కడే, ఆమె మరిది మాన్‌చిల్. సేద్యంతో పాటు, ట్రాక్టరు వెనక తగిలించే రోటవేటర్లకు అతుకులు వేసే పని కూడా చేస్తాడు గనక, ఎక్కడ కోయాలో ఎక్కడ అతకాలో ఆ సుద్దతో గీసుకుంటాడు. ఇప్పుడు వదిన బండి మీద గీశాడంటే ఏం కోసుకుపోదామని?

అనుమానం సున్‌రేకి కొత్త కాదు. పెళ్ళిచూపుల నాడు, తర్వాత మొగుడైన మాన్‌సొక్ చెక్కు తీసిచ్చిన ఆపిల్ ముక్కను కూడా వాసన చూసి తిన్నదని అత్తవారింట్లో ముప్పై ఏళ్ళు చెప్పుకుని నవ్వారు. ఆ మాన్‌సొక్ పోయిన చలికాలంలో పోయాడు. నవ్వేవాళ్ళు తగ్గారు. అనుమానం మాత్రం పెరిగింది.

ఆ ఊళ్ళో దున్నుకునే వయసున్నవాళ్ళు లేరు. ముప్పై నాలుగు ఇళ్ళ ముసలివాళ్ళ పొలాలు పదిహేనేళ్ళుగా మాన్‌సొక్ ట్రాక్టరే దున్నేది. నడుం పట్టేశాక చివరి రెండేళ్ళూ సున్‌రే దున్నింది, పక్కన కూర్చుని ఆయన చెప్పాడు. ఆయన పోయాక, ఆ పని ఆమెకే ఉంచాలా, మాన్‌చిల్‌కి ఇవ్వాలా అని మార్చిలో ఊరి సత్రంలో మాట వచ్చింది. మాన్‌చిల్‌కీ అచ్చం అదే రకం ట్రాక్టరుంది. ఊరి పెద్ద, నో అనే ఆయన, గొంతు సవరించుకుని, పై పొలాలు ఎవరైనా దున్నుతారు, కాలవకి నీళ్ళు వదిలేలోపు దిగువ పొలాలు ఆమె దిగబడకుండా దున్నితే పని ఆమెదే, లేకపోతే మాన్‌చిల్‌ది అని తేల్చాడు. దిగువ పొలాల్లో ఏడాది పొడుగునా ఊట. ఇనుప చక్రాలు తగిలించుకుందామంటే ఊళ్ళో సిమెంటు రోడ్డు చెడుతుందని నిషేధం. ఆ పని పోతే సున్‌రేకి ఆ ఊళ్ళో మిగిలేది మొగుడి సమాధి మీద గడ్డి కోసుకోవడం ఒక్కటే. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఊరికీ తెలుసు.

అప్పుడే వచ్చాడు మాన్‌చిల్, చక్రాల కబురు పట్టుకుని. కొండ అవతల ఒకాయన సేద్యం మానేసి ట్రాక్టరు విప్పేసి అమ్ముతున్నాడట. నాలుగు చక్రాలున్నాయి, మన వాటికంటే పెద్దవి. చక్రం పెద్దదైతే నేలకి బారుగా ఆనుతుంది, బరువు పరుచుకుంటుంది, దిగబడదు, పట్టు దొరుకుతుంది అన్నాడు. ఈ మాట సున్‌రే కాదనలేకపోయింది. మాన్‌సొక్ కూడా అదే అనేవాడు. కానీ ఆ వెంటనే మాన్‌చిల్ ఇంకో మాట అన్నాడు.

"నాలుగూ తీసుకోండి వదినా, నాలుగూ ఒక జట్టు. మీ పాతవి నాలుగూ నేను పట్టుకెళ్తాను."

అక్కడ పట్టుకుంది సున్‌రే. తన ముందు టైర్లు కొత్తవి. పోయిన శరత్కాలంలో, పోవడానికి రెండు నెలల ముందు, నడుం వంగకపోయినా బోర్లించిన బకెట్టు మీద కూర్చుని మాన్‌సొక్ స్వయంగా ఒక్కొక్క బోల్టూ బిగించిన టైర్లు. మాన్‌చిల్ ట్రాక్టరు ముందు టైర్లు చూస్తే సన్యాసి గుండులా నున్నగా ఉన్నాయి. పెద్ద చక్రాల కబురు ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. వెనకవి రెండూ చాలు, ముందువి ఎవరూ ముట్టుకోవద్దు అంది. అలా కుదరదు వదినా, ముందువి కూడా, అంటూ అతను ఏదో మొదలుపెట్టాడు. కుదరకపోతే వెనకవి కూడా తీసుకెళ్ళమంది. మాన్‌చిల్ తల గోక్కుని, వెనకవి రెండూ బిగించి వెళ్ళిపోయాడు. మాటలు ఎక్కువ ఖర్చు పెట్టే మనిషి కాదతను. పాత వెనక చక్రాల్ని సైతం సున్‌రే తన షెడ్డులోనే మూలన నిలబెట్టించింది, అతని చేతికి ఇవ్వలేదు.

అంతే, ఆ రోజు నుంచి బండి బండిలా లేదు. వెనక పెద్ద చక్రాలు ఎత్తడంతో ముందు మూతి నేలకి వంగి, గడ్డి మేసే ఎద్దులా తయారైంది. ముందు చక్రాలకు కూడా బలం అందించే మీట ఒకటుంటుంది, బురదలో దాన్ని వేస్తే నాలుగు చక్రాలూ లాగుతాయి. ఇప్పుడు ఆ మీట వేసి సిమెంటు రోడ్డెక్కితే ముందు టైర్లు మూలిగాయి, రోడ్డు మీద నల్లగా రబ్బరు రాసుకుపోయింది. ముందువి ఎవరో వెనక్కి పట్టుకుని లాగుతున్నట్టుంది. బురదలో దిగితే మీట వేసినా అవి తమ వంతు లాగవు. భారమంతా వెనకవాటిదే, అవి అక్కడే తిరిగి తిరిగి గొయ్యి తవ్వుకుంటాయి. గొబు అవ్వ పొలంలో అలాగే ఇరుసు దాకా దిగబడింది. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలేసుకుని కూర్చున్న ముసలివాళ్ళందరూ చూస్తుండగా మాన్‌చిల్ తన ట్రాక్టరు తెచ్చి, గొలుసేసి బయటికి లాగాడు. నో దగ్గాడు. తర్వాత, ఇంకొక్కసారి చూద్దాం అన్నాడు.

డీజిల్‌లో నీళ్ళేమైనా కలిశాయేమోనని గాజు సీసాలోకి పట్టి ఎండలో చూసింది సున్‌రే. టైర్లలో గాలి ఎంతుందో చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది ముందు చక్రాల గేరే. చక్రాలు మార్చిన నాడు బండి కింద దూరి అరగంట ఉన్నది ఎవరు? ఆమె దిగబడితే పని దక్కేది ఎవరికి? ఆ రెండు ప్రశ్నలకీ ఒకే పేరు వచ్చింది.

సుద్దగీతలు చూసిన రోజున ఆమె పై పొలం ఒకటి దున్నుతుంటే మాన్‌చిల్ గట్టు వెంబడి బండితో పాటే నడిచాడు. చూపు చక్రాల మీదుంది, పెదాలు కదులుతున్నాయి. వదిన అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. శాపనార్థాలు పెడుతున్నాడో, ఏం చదువుతున్నాడో ఇంజను చప్పుడులో వినపడి చావలేదు.

పొద్దెక్కాక గట్టు మీద గంపలో చిరుతిండి దింపింది. ఆ ఇంటి అలవాటు ప్రకారం మొదటి గిన్నెడు బియ్యపు కల్లు మరిదికి పోయాలి. మాన్‌సొక్ ఉన్నన్నాళ్ళూ ఆ గిన్నె అతనిదే. ఆ రోజు సున్‌రే ఆ గిన్నెని గంపలో బోర్లించింది. మాన్‌చిల్ చూశాడు. ఏమీ తాగకపోయినా మూతి తుడుచుకుని, చెవి వెనక సుద్ద సర్దుకుని వెళ్ళిపోయాడు. సున్‌రే గిన్నె వైపు చెయ్యి చాపింది. గొబు అవ్వ పొలం గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

ఆ సాయంత్రం షెడ్డు వాకిట్లో తవుడు పలచగా చల్లింది. పొద్దున చూస్తే తవుడులో బూటు అడుగులు, లోపలికీ బయటికీ. కుడి మడమ దగ్గర గుండ్రటి మచ్చ. సైకిలు ట్యూబుకి వేసే అతుకు. బూట్లకి అతుకేసుకుని తొడుక్కునే పిసినారి ఆ ఊళ్ళో ఎవరో చెప్పక్కర్లేదు. నిన్న చెమ్మకి మసకబారిన సుద్దగీతలు మళ్ళీ తెల్లగా మెరుస్తున్నాయి. మాన్‌చిల్ ఇంటి వెనక నీలం పట్టా కింద, రాళ్ళు పెట్టి కప్పిన గుండ్రటి వస్తువులు రెండు ఉన్నాయని కూడా ఆమె గమనించే ఉంది. బండి సామాన్లు ఏమేం మాయమయ్యాయో దేవుడికి తెలియాలి.

మధ్యాహ్నం ఊరివాళ్ళంతా సత్రంలో కలిసి భోంచేస్తారు. పులిసిన క్యాబేజీ కూర, ఎండుచేపల పులుసు. సున్‌రే చెంచా పట్టుకోకుండా నిలబడింది.

"మరిదిగారూ, నా షెడ్డులోకి దొంగలా ఎందుకొచ్చారో నలుగురిలో చెప్పండి."

మాన్‌చిల్ నోట్లో ముద్ద మింగాడు. "గీతలు పెట్టడానికి వచ్చాను వదినా. లెక్క చూద్దామని."

"లెక్క నాకు తెలుసు. గేరు మీరు పాడుచేశారు. నేను దిగబడాలి, ఊరి దుక్కి మీ చేతికి రావాలి. ముందు నా టైర్ల మీద కన్నేశారు, ఇప్పుడు నా అన్నం మీద వేశారు."

నో తన పళ్ళెంలోకి చూసుకున్నాడు. మాన్‌చిల్ చెవులు ఎర్రబడ్డాయి.

"నాలుగూ ఒక జట్టని ఆ రోజే చెప్పాను" అన్నాడు. చెవి వెనక సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టి, సగం తిన్న పళ్ళెం వదిలేసి బయటికి నడిచాడు.

ఎనభై ఆరేళ్ళ గొబు అవ్వ పులుసు జుర్రుకుంటూ, ఊరి వాడుక ప్రకారం సున్‌రేని బిడ్డ పేరుతో పిలిచి అంది.

"హేజిన్ వాళ్ళమ్మా, గేరు పాడుచేశాడన్నావు. చూశావా?"

"చూడక్కర్లేదు అవ్వా."

"నా పొలంలో దిగబడింది కాబట్టి నేను చూడాలి. ఆ సుద్ద తీసుకో."

సున్‌రే తీసుకుంది. రుజువు దొరికితే ఊరంతటి ముందూ పెట్టాలని ఆమెకీ ఉంది. బండిని సత్రం ముందు సిమెంటు రోడ్డు మీదకి తెచ్చింది. అవ్వ చేతికర్రతో పక్కన నడిచింది. మీట తీసేసి, వెనక చక్రం గీత పదిసార్లు కిందికొచ్చేదాకా మెల్లగా నడిపింది. ముందు గీతని అవ్వ లెక్కపెట్టింది. పదహారున్నర. మీట వేసి మళ్ళీ నడిపింది. ముందు టైర్లు మూలిగాయి. పదిహేనున్నర.

పది చుట్లకు ఒక చుట్టు తక్కువ. నేల పదహారున్నర తిరగమంటుంటే గేరు పదిహేనున్నరే తిప్పుతోంది. ఇదే ఆ వెనక్కి పట్టుకునే చెయ్యి. సున్‌రే మొహం వెలిగింది. చూశావా అవ్వా, గేరులో చెయ్యి పెట్టాడు అంది.

"అతని బండి గేరు ఎంత తిప్పుతుందో మరి?" అంది అవ్వ. "అది కూడా ఇదే రకమన్నారుగా. బాగున్నదాన్ని చూడకుండా చెడ్డదాన్ని ఎట్లా తేలుస్తావు?"

ఇద్దరూ మాన్‌చిల్ ఇంటికి వెళ్ళారు. అతను లేడు. తోడికోడలు ఏమీ అడక్కుండా తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది. అలా పెట్టడమే సున్‌రేకి అనుమానంగా తోచింది. మాన్‌చిల్ బండి చక్రాల మీద అప్పటికే గీతలున్నాయి. ఇక్కడా అదే పని చేశాడన్న మాట.

మీట వేసి నడిపింది. పదిహేనున్నర.

సున్‌రే బండి ఆపింది. అవ్వ తప్పు లెక్కపెట్టిందేమోనని ఇంకోసారి నడిపింది, ఈసారి వెనక గీతని అవ్వకి అప్పజెప్పి, ముందు గీతని సీట్లోంచి వంగి తనే లెక్కపెట్టింది. పదిహేనున్నరే. మీట తీసేస్తే పదిహేనూ ముప్పావు. ఆ పావు తేడా ఎందుకంటే, టైర్లు అరిగి చిన్నవై, అదే దూరానికి కాస్త ఎక్కువ తిరుగుతున్నాయి. గేరు మాత్రం రెండు బళ్ళలో ఒకటే. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తన బండిలో మారింది వెనక చక్రాలే. అవి పెద్దవయ్యాయి, ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం పోతున్నాయి. ముందువి పాత లెక్కకే తిరుగుతూ వెనకబడిపోతున్నాయి. వాటినీ పెద్దవి చేసుంటే లెక్క సరిపోయేది. నాలుగూ ఒక జట్టు. ఒద్దన్నది తనే.

ఆమె ఇంటి వెనక్కి నడిచి, రాళ్ళు పక్కకి జరిపి, నీలం పట్టా ఎత్తింది. రెండు ముందు చక్రాలు. ఆనాటి పెద్ద చక్రాల జట్టువి. కడిగి, ఇరుసు రంధ్రానికి గ్రీజు రాసి ఉన్నాయి. పక్కగోడ మీద సుద్దతో వదిన బండి అని రాసి ఉంది.

"ఆ రోజే తెచ్చాడు" అంది తోడికోడలు వెనక నుంచి. "ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారన్నాడు. లెక్క తేలాక కాగితం మీద రాసి చూపిస్తానన్నాడు. మాటల్లో చెప్తే మీరు వినరని."

సున్‌రే పట్టా మళ్ళీ కప్పింది. సిగ్గు వేసింది, మామూలు సిగ్గు కాదు, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత. బోర్లించిన గిన్నె గుర్తొచ్చింది. సత్రంలో సగం వదిలేసిన పళ్ళెం గుర్తొచ్చింది.

మాన్‌చిల్ కాలవగట్టు మీద దొరికాడు. నీళ్ళు రాని కాలవలోకి చూస్తూ కూర్చుని ఉన్నాడు. సున్‌రే అతని పక్కన సుద్దముక్క పెట్టింది. పదిహేనున్నర అంది.

"రెండు బళ్ళదీనా?" అన్నాడు.

"రెండిటిదీ."

అతను సుద్ద తీసి చెవి వెనక పెట్టుకున్నాడు. "మీ టైర్ల మీద నాకు కన్ను లేదని కాదు వదినా. ఉంది. నావి అరిగిపోయాయి. మీకు చాలనివి నాకు సరిపోతాయి, అంతే. కానీ మీ అన్నం మీద లేదు."

ఆ సాయంత్రమే చక్రాలు మార్చారు. ముందు చక్రాల బోల్టులు విప్పడానికి మాన్‌చిల్ పానా పట్టుకుంటే సున్‌రే అడ్డుపడి, తనే విప్పుతానంది. అదే బకెట్టు బోర్లించి కూర్చుంది. మాన్‌సొక్ బిగించినవి గట్టిగా ఉన్నాయి. ఒక్కొక్కటీ కిర్రుమని కదిలినప్పుడల్లా ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. మాన్‌చిల్ అటు తిరిగి పట్టా మడత పెడుతున్నట్టు నటించాడు. విప్పిన చక్రాల్ని, మీ బండికి బిగించుకోండి అని, మాన్‌చిల్ వైపు దొర్లించింది. పెద్దవి బిగించాక లెక్క చూశారు. మీట తీస్తే పదిహేనూ పావు, వేస్తే పదిహేనున్నర. ముందువి ఒక పిసరు ముందే ఉండాలి, అప్పుడే లాగుతాయి అన్నాడు మాన్‌చిల్.

మర్నాడు ఆరింటికి, రోజూలాగే ఊరి మైకు గరగరమంది. నారు పోసే పళ్ళేల గురించో, చెత్త బండి గురించో నో గొంతు వినపడుతుందని ఊరంతా అనుకుంది. వినపడింది సున్‌రే గొంతు.

"నేను హేజిన్ వాళ్ళమ్మని. నిన్న సత్రంలో మా మరిదిని దొంగన్నాను. బండిని పాడుచేసింది ఆయన కాదు, నేను. ఆయన మాట వినకపోవడం వల్ల పాడైంది. ఇవాళ దిగువ పొలాలు దున్నుతున్నాను. చూడాలనుకున్నవాళ్ళు రండి." ఆగి, "చెత్త బండి తొమ్మిదింటికి వస్తుందట" అని మైకు నో చేతికి ఇచ్చేసింది.

అందరూ వచ్చారు. గొబు అవ్వ పొలంలో సున్‌రే మీట వేసి దిగింది. బురద టైర్ల గుబ్బల మధ్య నుంచి చిమ్మింది. బండి ఒకసారి వణికి, పట్టు దొరకబుచ్చుకుని ముందుకి సాగింది. పోయినసారి దిగబడిన గొయ్యి వచ్చినా ఆమె బండిని పక్కకి తిప్పలేదు. చక్రాలు ఆ గొయ్యిలోకి దిగి, అవతలి గట్టు ఎక్కాయి. నో కుర్చీలోంచి లేచి, ఇంకేం చూస్తాం, ఊరి దుక్కి అంతా ఆమెదే అని ఇంటికి బయల్దేరాడు. అవ్వ మాత్రం చివరి సాలు దాకా కూర్చుంది.

చిరుతిండి వేళకి సున్‌రే గంపలోంచి మొదటి గిన్నె తీసి, నిండా కల్లు పోసి గట్టు మీద పెట్టింది. మాన్‌చిల్ రాలేదు. పై పొలంలో తన పనేదో ఉందని కబురు పంపాడు. గిన్నె అలాగే ఉంది, అందులో పురుగొకటి పడింది. ఆమె దాన్ని పారబోయలేదు. వేలితో పురుగు తీసేసి, మూత పెట్టింది.

పొద్దువాలాక ఇంటికి వస్తుంటే, సిమెంటు రోడ్డు మీద తడి బురదలో టైరు అచ్చులు కనిపించాయి. బాణం మొనల్లా ఉండే ఆ అచ్చులు ఆమెకి బాగా తెలుసు, మాన్‌సొక్ బిగించిన ముందు టైర్లవి. పోయిన శరత్కాలం చివర్న సాయంత్రాలు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ అచ్చులతోనే తన వాకిట్లోకి తిరిగేది, దిగి అన్నం వడ్డించేది. ఇవాళ అవి ఆమె గేటు ముందు వంపు తిరగకుండా నేరుగా సాగి, నాలుగిళ్ళ అవతల మాన్‌చిల్ వాకిట్లోకి తిరిగాయి.

సున్‌రే బండి ఆపింది. మూతపెట్టిన కల్లు గిన్నె రెండు చేతులా పట్టుకుని, ఆ అచ్చుల వెంబడే నడిచింది.